స్ప్రింగు తుపాకీ: విప్పడం, బిగించడం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా ఓ పావుగంట చెప్పు" అన్నారు. ఏ కోర్సు చదివితే ఏ ఉద్యోగం వస్తుందో నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ వేదిక మీదే ముగ్గురున్నారు. నాకు తెలిసింది పంపులు, వాల్వులు, స్ప్రింగులు. హైదరాబాద్ బాలానగర్‌లో ముప్పై ఏళ్లుగా వాటితోనే కాలం గడిచింది. అందుకని ఒక బొమ్మ తుపాకీ తెచ్చాను. టేబుల్ మీద ఉంది. పోలీసు సోదరులు కంగారు పడొద్దు, అది ఖాళీగా ఉంది.

దీన్ని ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ అంటారు. 1970ల్లో జపాన్‌లో పుట్టింది. అక్కడ మామూలు మనిషి ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం చాలా కష్టం. తుపాకీల మీద మోజున్నవాళ్ల కోసం బొమ్మల కంపెనీలు 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు కొట్టే నమూనాలు తయారుచేశాయి. చూడ్డానికి అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. ఇందులో మందు లేదు, గ్యాస్ లేదు, బ్యాటరీ లేదు. పక్కనున్న పిడి వెనక్కి లాగితే లోపల పిస్టన్ వెనక్కి జరిగి స్ప్రింగును నొక్కుతుంది. ఒక చిన్న కొక్కెం ఆ పిస్టన్‌ను పట్టి ఆపుతుంది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం జారుతుంది, పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది, ఆ గాలి గుండును తోస్తుంది. స్ప్రింగు గుండును తాకనే తాకదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. గుండు దగ్గరలోనే పడిపోతుంటే స్ప్రింగు పోయిందనుకుంటారు. పదింట ఎనిమిదిసార్లు పోయేది స్ప్రింగు కాదు, గాలి.

నిజాంసాగర్ పక్కన పెరిగిన మనకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కల్లా కట్టేశారు. అలీ నవాజ్ జంగ్ గారి పనితనం. నిండిన ప్రాజెక్టు చప్పుడు చేయదు. గేటు ఎత్తినప్పుడే తెలుస్తుంది అందులో ఏముందో. లాగి పెట్టిన స్ప్రింగు కూడా అలాంటిదే. కదలదు, పలకదు. పైనుంచి చూస్తే వదిలేసిన తుపాకీకీ, లాగి పెట్టిన తుపాకీకీ తేడా తెలియదు.

మా కాలంలో ఈ బొమ్మకు పెద్దన్న ఒకటి ఏడుపాయల జాతరలో ఉండేది. శివరాత్రికి అక్కడ బుగ్గల దుకాణం పెట్టేవాళ్లు. గొట్టాన్ని మధ్యకు విరిచి, ఛర్రా పెట్టి, మళ్లీ మూసి కొట్టే గాలి తుపాకీ. దుకాణం ఆయన పొద్దున్నే దాని లోపల రెండు చుక్కల నూనె వేసేవాడు. మొదటి నాలుగైదు దెబ్బలకు ఢాం అని మోగి పొగ వచ్చేది. లోపల మందు ఉందని నేను, లేదని నా దోస్తు పందెం కాసుకున్నాం. వాడే గెలిచాడు, కానీ ఎందుకు గెలిచాడో ఇద్దరికీ తెలియదు. ఇంజనీరింగ్ రెండో ఏట డీజిల్ ఇంజన్ పాఠం వింటుంటే వెలిగింది. గాలిని ఒక్కసారిగా గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడికి నూనె అంటుకుంటుంది. జాతరలో అది తమాషా. తుపాకీకి మాత్రం వాషర్ కాలుతుంది, స్ప్రింగు దెబ్బతింటుంది. (ఆ తుపాకీల చూపు కూడా కొంచెం పక్కకు వంచి పెట్టేవాళ్లని నాకు ఇప్పటికీ అనుమానం. నేను ఒక్క బుగ్గ కొట్టలేదు.)

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది మా గురువుల ముందు నలభై ఏళ్ల కిందటే చెప్పవలసింది.

1985లో మేం తొమ్మిదో తరగతి. అప్పటికి మనది ఇంకా నిజామాబాద్ జిల్లా. మా మేనమామ దగ్గర అలాంటి గాలి తుపాకీ ఒకటి ఉండేది. జొన్న చేను కంకి మీదున్నప్పుడు పిట్టలను బెదిరించడానికి తెచ్చాడు. వడిసెల తిప్పే చేతికి తుపాకీ ఎందుకని మా తాత విసుక్కునేవాడు. ఆ తుపాకీ బలం తగ్గిపోయింది. ఛర్రా పది అడుగుల్లో రాలిపోయేది. మామ దాన్ని అటక మీద పడేశాడు. జాతర చూసొచ్చిన ఊపులో నేను దాన్ని దించాను. నేనూ, నా దోస్తూ కొట్టం వెనక కూర్చున్నాం.

ఊళ్లో సైకిల్ షాపు ఆయన అంతకుముందే మాకు ఒక రహస్యం చెప్పాడు. లోపల ఉండేది తోలు వాషరే, సైకిల్ పంపులో ఉండేలాంటిదే, ఎండిపోతే గాలి పట్టదు, నూనెలో నానబెడితే మెత్తబడుతుందని. ఆ మాట అక్షరాలా నిజం. బోరింగు చప్టా దగ్గర రాడ్లు పైకి తీసి తోలు వాషర్లు మార్చడం మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. అదే తోలు, అదే పని. ఆయన చెప్పింది మేం సరిగ్గానే విన్నాం. ఆయన చెప్పనిది ఒకటి ఉంది. ఆ తుపాకీలో స్ప్రింగు, వదిలేసి ఉన్నప్పుడు కూడా పూర్తిగా వదిలినట్టు కాదు. వెనకాల ఒక ఇనుప మూత దాన్ని కొన్ని అంగుళాలు నొక్కి పట్టుకుని ఉంటుంది. ఆ మూతను పట్టుకునేది ఒక అడ్డపిన్ను. పిన్ను తీసేముందు మూతను బిగింపులో పెట్టి నొక్కి పట్టుకోవాలి. పిన్ను తీశాక మెల్లమెల్లగా వదలాలి. వర్క్‌షాపులో దానికి ప్రత్యేకంగా ఒక పనిముట్టు ఉంటుంది. మా దగ్గర ఉన్నవి ఒక మేకు, ఒక రాయి.

వాడు గొట్టం పట్టుకుని వెనక మూత వైపు తొంగి చూస్తున్నాడు. నేను మేకు పెట్టి కొట్టాను. మూడో దెబ్బకు పిన్ను పోయింది. మూత, స్ప్రింగు కలిసి వాడి కుడి కనుబొమ మీద తగిలాయి.

ఎల్లారెడ్డికి తీసుకెళ్లి కుట్లు వేయించారు. ఆవు కొమ్ము విసిరిందని ఇంట్లో చెప్పాం. ఆ మాట నాది కాదు, వాడిదే. ఎడ్లబండిలో తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నాతో మెల్లగా అన్నాడు: "అరేయ్, ఆవు పొడిసిందని జెప్దాం. లేకుంటే మీ మామ నిన్ను సంపుతడు." వారం తర్వాత బడికి వస్తే మన సైన్స్ సారు అడిగారు. అప్పుడూ ఆవే. సారు మా ఇద్దరి మొహాలు కాసేపు చూసి ఊరుకున్నారు. సారు ఇవాళ ఈ వేదిక మీదే ఉన్నారు. సార్, మా ఇంట్లో అప్పుడు ఆవే లేదు.

కుట్టు మానింది. దెబ్బ లోపల మిగిలింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ కంట్లో శుక్లం వచ్చింది. ముసలివాళ్లకు వచ్చేదనుకుంటాం కదా, దెబ్బ తగిలినా వస్తుంది. తర్వాత ఆపరేషన్ చేయించుకున్నా ఆ కన్ను పూర్తిగా తేటపడలేదు. పరుగులో, ఎత్తులో, ఛాతీలో నెగ్గి, కానిస్టేబుల్ ఎంపికలో కంటి పరీక్ష దగ్గర వెనక్కి వచ్చాడు. నేను ఇంజనీరింగ్‌లో చేరాను. వాడు కాలువ కింద నాన్న పొలంలో దిగాడు. ఇన్నేళ్లలో ఎవరైనా కంటి సంగతి అడిగితే వాడు ఆవు అనేవాడు, నేను పక్కన ఉంటే తల ఊపేవాణ్ని. వాడు ఇవాళ మూడో వరసలో కూర్చున్నాడు. ఈ మాట ఇక్కడ చెప్తానని వాణ్ని అడిగే వచ్చాను. "చెప్పు, కాని ఆవును తిట్టకు" అన్నాడు.

పోయిన ఎండాకాలం నేను ఊరికి వచ్చినప్పుడు ఈ రైఫిల్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది వాడే. మనుమడికి పట్నంలో అల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించాడట. "ఇంజనీరువు గదా, గిది సూడు. పోరగాడు రెండు దినాల సంది అన్నం తింటలేడు" అన్నాడు. నేను తుపాకీని, వాణ్ని చూశాను. "ఈసారి నేను విప్పుత, నువ్వు పట్టుకో" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు చేతులు ఆడలేదు కాసేపు.

పని మొదలుపెట్టేముందు బైకు మెకానిక్ దగ్గరికి మనిషిని పంపి గ్రైండింగ్ అద్దాలు మూడు జతలు తెప్పించాను. మనుమడికి కూడా. ఇది బొమ్మే కదా అని వాడి అమ్మ అంది. ఆమెకు లెక్క చెప్పాను, మీకూ చెప్తాను. గతిజశక్తి సూత్రం మీరు చదువుకున్నదే. 0.2 గ్రాముల గుండు సెకనుకు 100 మీటర్ల వేగంతో వెళ్తే 1 జౌలు అవుతుంది. జపాన్‌లో 2006 నుంచి ఈ బొమ్మలకు పెట్టిన హద్దు అంతకంటే కొంచెం తక్కువే. గాలి తుపాకీలో అర గ్రాము ఛర్రా 200 మీటర్ల వేగంతో వెళ్తే 10 జౌళ్లు. పది రెట్లు తేడా ఉంది, నిజమే. కానీ కన్ను పోవడానికి ఆ ఒక్క జౌలు చాలు.

విప్పే పద్ధతి చెప్తాను. ముందు గుండ్ల పెట్టె తీసేయాలి. తర్వాత మనిషి లేని వైపు, మట్టిగోడ వైపు పెట్టి ఒకసారి కొట్టాలి, లోపల ఒక గుండు మిగిలి ఉంటుంది చాలాసార్లు. అప్పుడు స్ప్రింగు వదిలి ఉందో లేదో చూడాలి. లాగి ఉన్న తుపాకీ మీద స్క్రూడ్రైవర్ పెట్టకూడదు. నేల మీద తెల్ల బట్ట పరిచి, పక్కన పెద్ద పళ్లెం పెట్టుకోవాలి. ప్రతి స్క్రూ తీసిన తర్వాత ఫోన్‌తో ఒక ఫొటో. మా రోజుల్లో ఈ వసతి లేదు, బొగ్గుతో గచ్చు మీద గీసుకునేవాళ్లం, కోడి వచ్చి చెరిపేసేది. చిన్న స్ప్రింగులు ఎగిరిపోయే చోట తుపాకీని పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులు లోపల పెట్టి విప్పితే అవి సంచిలోనే పడతాయి. ట్రిగ్గర్ దగ్గరుండే స్ప్రింగు వడ్ల గింజంత ఉంటుంది. బండల సందులో పడితే ఇక దొరకదు.

పిస్టన్ బయటికి తీశాం. దాని మూతి మీద నల్లటి రబ్బరు చుట్టు, ఓ-రింగ్ అంటారు, ఒక పక్క చదునుగా అరిగిపోయి ఉంది. పాతరోజుల తోలు వాషర్ స్థానంలో ఇది వచ్చింది. ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. అంతకు ముందు సంవత్సరం మా అన్న కొడుకు బొమ్మకు ఇదే జబ్బు వస్తే, సైకిల్ షాపు వైద్యం గుర్తొచ్చి, కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేశాను. రెండు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత రింగు ఉబ్బి పిస్టన్ గొట్టంలోనే ఇరుక్కుపోయింది. తోలుకు నూనె ప్రాణం. రబ్బరు అలా కాదు. కొన్ని రకాలు నూనెను తట్టుకుంటాయి, కొన్ని పీల్చుకుని ఉబ్బుతాయి, బొమ్మలో వేసింది ఏ రకమో పైకి చూసి చెప్పలేం. ముప్పై ఏళ్లు పంపుల సీళ్లు మార్చిన మనిషిని, ఇది నాకు తెలియకపోలేదు. చేతిలో బొమ్మ ఉండేసరికి తొమ్మిదో తరగతి బుర్ర పనిచేసింది.

అందుకని ఈసారి పాత రింగును వెర్నియర్‌తో కొలిచి, మోటారు రిపేరు షాపులో అదే కొలత రింగు తెచ్చాం. పది రూపాయలు కూడా కాలేదు. దానికి సిలికాన్ గ్రీజు, వేలితో రాస్తే మెరిసేంత, అంతే. తుపాకీ గొట్టంలోకి మాత్రం ఏ గ్రీజూ పోకూడదు. గొట్టం మొదట్లో చిన్న రబ్బరు బొడిపె ఒకటి ఉంటుంది. గుండు వెళ్లేటప్పుడు అది పైనుంచి ఒరుసుకుని దాన్ని వెనక్కి తిప్పుతుంది. అలా తిరుగుతూ వెళ్లే గుండు గాలిలో తేలినట్టు ఎక్కువ దూరం పోతుంది. టేబుల్ టెన్నిస్‌లో కింద కోసి కొట్టిన బంతి లాగా. ఆ బొడిపెకు జిడ్డు అంటితే గుండు ఒకటి ఇంటి పైకి, ఒకటి ఇంటి కిందికి. గొట్టాన్ని పొడి గుడ్డ చుట్టిన పుల్లతో తుడవాలి. కింద పడిన గుండ్లు ఏరి మళ్లీ వేయకూడదు. మట్టి రేణువు ఒక్కటి చాలు గొట్టం గీసుకుపోవడానికి.

రింగు వేశాక స్ప్రింగు లేకుండానే పరీక్ష చేయాలి. పిస్టన్‌ను గొట్టంలో పెట్టి, ముందు రంధ్రం బొటనవేలితో మూసి, వెనక నుంచి చేత్తో నొక్కాలి. సైకిల్ పంపు మూతి మూసి కొట్టినట్టు ఎదురు తన్నాలి. మెత్తగా జారిపోతే గాలి ఇంకెక్కడో పోతోందన్నమాట. మనుమడికి ఆ పని ఇచ్చాను. "తాతా, తంతున్నది" అని అరిచాడు. ఆ రోజు వాడు అన్నం తిన్నాడు.

స్ప్రింగును అద్దం పలక మీద దొర్లించి చూశాం. వంగి ఉంటే ఎగుడుదిగుడుగా దొర్లుతుంది. ఇది బాగానే ఉంది, కానీ రాత్రంతా లాగి పెట్టి ఉంచడం అలవాటట, కొంచెం కుంగింది. ఉక్కుకు కూడా అలుపు ఉంటుంది. ఎప్పుడూ నొక్కి ఉంచితే పొడవు తగ్గుతుంది, మళ్లీ రాదు. ఆడటం అయిపోయాక వదిలేసి పెట్టాలి.

పట్నం నుంచి వచ్చిన ఇంకో పిల్లవాడు, ఇంటర్ చదువుతున్నాడు, "అంకుల్, ఇంకా స్ట్రాంగ్ స్ప్రింగ్ వెయ్యండి" అన్నాడు. వాడికి లెక్క చూపించాను. స్ప్రింగు బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 1.2 మిల్లీమీటర్ల తీగ బదులు 1.3 వేస్తే కంటికి తేడా కూడా కనిపించదు, బిగువు మాత్రం దాదాపు 38 శాతం పెరుగుతుంది. ఆ భారమంతా పడేది ఆ చిన్న కొక్కెం మీద, అది ప్లాస్టిక్. కొందరు స్ప్రింగును రెండు చుట్లు కత్తిరిస్తారు. బిగువు తగ్గుతుందని వాళ్ల ఆలోచన. చుట్లు తగ్గితే బిగువు పెరుగుతుంది, పొడవు తగ్గుతుంది, రెండిట్లో ఏది గెలుస్తుందో ముందు తెలియదు. అన్నిటికంటే చెడ్డది, పట్టడం లేదని కొక్కేన్ని ఆకురాయితో రాయడం. అది కాసేపు పడుతుంది, తర్వాత ఎవరూ ట్రిగ్గర్ నొక్కకుండానే జారుతుంది. కొక్కెం అరిగితే మార్చాలి, దొరకకపోతే తుపాకీని పక్కన పడేయాలి. ఆ పిల్లవాడు లెక్కకు లొంగలేదు. నా దోస్తు తన కనుబొమ మీది గీత చూపించి, ఆవు కథ కాకుండా అసలు కథ చెప్పాడు. నేను ఉండగా వాడు అది చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

బిగించేటప్పుడు ఒక కిటుకు. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూను నేరుగా బిగించొద్దు. ముందు వెనక్కి తిప్పాలి. ఒకచోట టక్కుమని పాత గాడిలో పడుతుంది. అక్కడినుంచి ముందుకు తిప్పాలి. లేకపోతే కొత్త గాడి కోసుకుంటుంది, మూడోసారికి స్క్రూ పట్టదు. ఇంట్లో టీవీ రిమోట్‌కూ ఇదే పద్ధతి.

ఊళ్లో కోతుల బాధకు కొందరు గాలి తుపాకీలు కొంటున్నారని విన్నాను, కాబట్టి పెద్దలకు రెండు మాటలు. 2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళాల గొట్టం, 20 జౌళ్లలోపు బలం ఉన్న గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. నెమలిని కొడితే మాత్రం 1972 వన్యప్రాణి చట్టం ఉంది. ఛర్రా లేకుండా ఉత్తినే కొట్టొద్దు, పిస్టన్‌కు ఎదురు గాలి మెత్త లేక నేరుగా ఇనుముకు గుద్దుకుంటుంది. వెనక మూత మాత్రం ఇంట్లో తీయొద్దు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. పిల్లల్లో ఎవరికైనా ఆ దారి ఇష్టమైతే శిక్షకుడి దగ్గర, రేంజిలో నేర్చుకోండి. కొట్టం వెనక కాదు.

ఈ రైఫిల్‌ను మనుమడు మూడు రోజులు ఇవ్వనన్నాడు, తర్వాత సైన్స్ గదికి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు, పలక మీద వాడి పేరు రాయాలట. హెడ్‌మాస్టర్ గారు సరేనన్నారు. స్ప్రింగు బయటికి తీసి వేరే డబ్బాలో పెట్టాను, దాని తాళంచెవి సారు దగ్గర ఉంటుంది. భోజనాల తర్వాత పక్క గదిలో దీన్ని విప్పి చూపిస్తాను, మీ చేత్తోనే బిగిద్దురు గాని. నా దోస్తు కూడా వస్తాడు. కళ్లద్దాలు ఆరు జతలే ఉన్నాయి, ఆరుగురు చొప్పున రండి.